నలుగురికీ కనపడే చోట

తెలుగు పంతులు దగ్గరికి ఇంగ్లీషు సందేహాలు రావడం ఈ కాలపు వింతల్లో ఒకటి. మొన్నొక సాయంత్రం కాలేజీలో అందరూ వెళ్లిపోయాక నేనొక్కణ్ణే కూర్చుని ఛందస్సు జవాబులు దిద్దుకుంటున్నాను. డిగ్రీ రెండో ఏడు కుర్రవాడొకడు గుమ్మం దగ్గర, లోపలికి రాకుండా బయటికి పోకుండా తచ్చాడుతున్నాడు.

“ఏందబ్బయ్యా, రా!” అన్నాను.

చేతిలో ఇంగ్లీషు పరీక్ష కాగితం. ఒక వాక్యం కింద ఎర్రసిరా గీత. ‘ఆమె దస్తూరి స్పష్టంగా ఉంది’ అన్న తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చమన్నారు. మనవాడు ‘హర్ హ్యాండ్‌రైటింగ్ ఈజ్ కాన్‌స్పిక్యువస్’ అని రాశాడు. పక్కన గుండ్రంగా సున్న.

“డిక్షనరీలో ఆ మాటకు ‘స్పష్టమైన’ అనే వుంది సార్. నేను రాసింది తప్పా, డిక్షనరీ తప్పా?”

“మీ ఇంగ్లీషు సార్నే అడక్కపోయావా?”

“అడిగాను సార్. అది ఇక్కడ పొసగదు, చదవగా చదవగా నీకే తెలుస్తుంది అన్నారు.”

పొసగదన్న మాట నిజమే. ఎందుకు పొసగదో చెప్పడానికి కొంచెం తీరిక కావాలి. ఆ సాయంత్రం నాకు తీరిక వుంది. పైగా ఆ మాటకూ నాకూ పాత బాకీ ఒకటి వుంది. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు కుర్రవాడి సున్న సంగతి చూద్దాం.

ఈ కాన్‌స్పిక్యువస్ లాటిన్ నుంచి వచ్చిన మాట. ‘స్పెకెరె’ అంటే ఆ భాషలో చూడటం. దాని ముందు చేరిన ‘కాన్’ ఇక్కడ బాగా, పూర్తిగా అన్న బలాన్నిస్తుంది. చూపును తనమీదికి లాక్కునేది అని తాత్పర్యం చెప్పుకోవచ్చు. ఈ చూపు కుటుంబం చాలా పెద్దది. లోపలికి చూసేవాడు ఇన్‌స్పెక్టరు. కిందినుంచి ఓరగా చూసే చూపు సస్పెక్టు, అంటే అనుమానం. వెనక్కి తిరిగి మళ్లీ చూడాలనిపించేది రెస్పెక్టు, అంటే గౌరవం. ముందుకు చూపేది మన కాలేజీ వాళ్లు ఏటేటా అచ్చువేసే ప్రాస్పెక్టసు. ముక్కు మీద నిలిచేవి స్పెక్టకిల్సు.

తమాషా ఏమిటంటే, ఈ కుటుంబానికి మన వైపున కూడా చుట్టాలున్నారు. సంస్కృతంలో ‘స్పశ్’ అనే ధాతువుకు చూడటమనే అర్థం. అమరకోశం వేగులవాడికి చెప్పిన పేర్లలో ‘స్పశుడు’ ఒకటి. ఆ ధాతువులోంచి పుట్టినదే మనం రోజూ వాడే ‘స్పష్టం’. లాటిన్ స్పెకెరె, సంస్కృత స్పశ్ ఒకే మూలానికి పుట్టిన కొమ్మలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే కాన్‌స్పిక్యువస్, స్పష్టం దూరపు బంధువులన్నమాట. మా కుర్రవాడు తెలియకుండానే చుట్టాన్ని చుట్టం ఇంట్లో దింపాడు. పాపం, అక్కడే చిక్కు వచ్చింది. చుట్టాలైనంత మాత్రాన ఒకరి పని ఇంకొకరు చెయ్యలేరు గదా!

స్పష్టం అనేది వస్తువు తన మటుకు తాను కలిగివుండే గుణం. దస్తూరి స్పష్టంగా వుందంటే అక్షరం అక్షరం విడివిడిగా తెలుస్తోందని అర్థం. చుట్టూ ఎవరి దస్తూరి ఎలా వున్నా దానికి పనిలేదు. కాన్‌స్పిక్యువస్‌కి ఆ చుట్టూ వున్నదే ముఖ్యం. క్లాసులో అరవైమంది నీలిసిరాతో రాస్తే ఒకడు ఆకుపచ్చ సిరాతో కోడి గీతలు గీశాడనుకోండి. అందులో ఒక్క ముక్క స్పష్టంగా లేకపోవచ్చు. అయినా ఆ కాగితం కట్టలో కాన్‌స్పిక్యువస్‌గా వుంటుంది.

ఇదంతా చెబితే కుర్రవాడు తల ఊపాడు. ఆ ఊపులో అర్థమైన ఊపు కాకుండా మర్యాద ఊపు వుంది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఆ తేడా నాకు తెలుస్తుంది.

“మీదే వూరు?” అన్నాను.

మైపాడుకు ఉత్తరాన సముద్రపు వొడ్డున ఒక పాళెం పేరు చెప్పాడు. తండ్రి వేటకు పోతాడట.

“సముద్రం మీద మీ నాయనకు చోటు ఎట్లా తెలుస్తుంది?”

కుర్రవాడి ముఖం మారింది. ఇది అతనికి వచ్చిన పాఠం.

“రెండు గురుతులు చూస్తాడు సార్. ముందొక తాటిచెట్టు, దానెనక గుడి గోపురం. రెండూ ఒక వరసలోకి వస్తే ఒక గీత తెలుస్తది. ఇంకో పక్కన అట్లాంటివే ఇంకో రెండు. ఆ రెండు గీతలూ కలిసేకాడ వల వేస్తాడు.”

“ఏ తాటిచెట్టైనా సరేనా?”

“యాడ సరిపోతది సార్! తోపులో చెట్టు పనికిరాదు. ఒంటి చెట్టే కావాల.”

“అదేనయ్యా కాన్‌స్పిక్యువస్ అంటే!” అన్నాను. “తోపులో చెట్టు స్పష్టంగా కనపడుతుంది. ఒంటి చెట్టు కొట్టొచ్చినట్టు కనపడుతుంది.”

ఈసారి అతను తల ఊపలేదు. నవ్వాడు.

కుర్రవాడి తండ్రి చేసే పనే పెద్ద ఓడల వాళ్లూ చేశారు. ఓడల వాళ్ల సముద్ర పటాల్లో ఈ మాట వట్టి విశేషణంగా కాక ఒక గుర్తుగా నిలిచిపోయింది. బ్రిటిష్ నౌకాదళం వారి పాత పటాల్లో తీరం మీద గోపురమో, ఒంటి చెట్టో, ఎత్తయిన గొట్టమో దూరంనుంచి కంటికి తగిలేదిగా వుంటే, దాని పక్కన ‘కాన్‌స్పిక్’ అని పొడి అక్షరాలు వేసేవారు. ఇప్పటి పటాల్లో అలాంటివాటి పేర్లు పెద్ద అక్షరాల్లో వేస్తారు.

మన నెల్లూరు తీరానికి ఈ మాట అవసరం మరీ ఎక్కువ. వొడ్డున కొండ లేదు, గుట్ట లేదు. పొడుగునా ఇసుక, సరుగుడు తోపులు, తాళ్లు. దుగరాజపట్నం ఎదుట నీళ్లలో మునిగివున్న ఇసుక దిబ్బలు ఒకటి. ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో ఆ దుగరాజపట్నంలోనే కోఠీ పెట్టి, దానికి ఆర్మగాన్ అని పేరుపెట్టుకున్నారు. అక్కడి కోఠీలో వున్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాదికి పోయి మద్రాసులో చోటు సంపాదించాడు. 1640లో వాళ్లు మూటాముల్లే సర్దుకుని అక్కడికి చేరారు. అంతటి మద్రాసుకు ముందు మెట్టు మన జిల్లా ఇసుకలో వుందన్నమాట. ఇలాంటి చదును తీరంలో నావికుడికి ఒక సున్నపు గోపురం కనపడితే అది దేవుడు కనపడినట్టే.

దీపస్తంభాలకు నలుపూ తెలుపూ పట్టీలు ఎందుకు వేస్తారో చూడండి. రాత్రి దారి చూపడానికి దీపం వుంది. ఆ పట్టీలు పగటి కోసం. తెల్లటి ఇసుక మీద, తెల్లటి ఆకాశం ముందు వట్టి తెల్లటి స్తంభం నిలబెడితే కలిసిపోతుంది. పట్టీ వేస్తే విడిపోతుంది. నేలపట్టులో గూడబాతులు వందలకొద్దీ చెట్లమీద వాలి వున్నప్పుడు ఏ గూడబాతూ కాన్‌స్పిక్యువస్ కాదు. వాటి నడుమ వచ్చి వాలిన కాకి అవుతుంది.

ఇంకొక తేడా కూడా వుంది. శ్రీహరికోట నుంచి 1971 మొదలు రాకెట్లు లేస్తున్నాయి. లేచే వేళ ముందే తెలుసుకుని నెల్లూరులో జనం మిద్దెలెక్కి, దక్షిణం వైపు కళ్లు చికిలించి, మబ్బుల్లో సన్నటి పొగచార వెతుక్కుంటారు. “అదుగో, అదుగో” అని ఒకరికొకరు చూపించుకుంటారు. అలా వెతికితే దొరికేది విజిబుల్. మనం వెతకకపోయినా వచ్చి మన కంట్లో పడేది కాన్‌స్పిక్యువస్.

తెలుగువాడి నుడికారంలో ఈ గుట్టంతా వుంది. మనం ‘కనపడింది’ అంటాం. కంట పడింది అని గదా! మనం పోయి చూడటం కాదు, అదే వచ్చి పడుతుంది. ఆ పడటం గట్టిగా పడితే ‘కొట్టొచ్చినట్టు’. కొట్టడానికి మీదికి వచ్చినట్టు అని ఆ మాట తీరు. ఇంగ్లీషు మాటలో కన్ను పనిచేస్తుంది, తెలుగు మాటలో వస్తువు పనిచేస్తుంది. అర్థం మాత్రం ఒక్కచోటే కలుస్తుంది. కాన్‌స్పిక్యువస్‌కి ఇంతకన్న మంచి తెలుగు నాకు తెలియదు. నిఘంటువుల్లో ‘ప్రస్ఫుటమైన’, ‘ప్రముఖమైన’ అని వుంటే వుండనివ్వండి. ప్రముఖానికి ప్రామినెంట్ వుంది. ముందుకు పొడుచుకువచ్చినది అని దాని మూలార్థం. చెప్పనక్కరలేకుండా తెలిసేదానికి ఆబ్వియస్ వుంది. నడిచే దారిలో ఎదురుపడేది అని దాని మూలార్థం. ఎవరి కొట్టు వాళ్లకుంది. ఒకరి కొట్టులో సరుకు ఇంకొకరి కొట్టులో అమ్మితే పంతులు సున్న చుడతాడు.

ఇక ఈ మాటకు మంచీ చెడూ అంటూ లేదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడి రంగు పట్టుకుంటుంది. మన ప్రభుత్వం ఇచ్చే సాహస పతకాలు చూడండి. యుద్ధభూమికి వెలుపల చూపిన సాహసానికి శౌర్యచక్ర. అదే సాహసం కాన్‌స్పిక్యువస్ అయితే కీర్తిచక్ర. ‘మోస్ట్’ అని ముందు చేరితే అశోకచక్ర. పతకానికీ పతకానికీ మధ్య మెట్టు వేసింది ఈ ఒక్క విశేషణమే.

దీన్నే తీసుకుపోయి ఖర్చు పక్కన కూర్చోబెట్టినవాడు అమెరికా ఆర్థికవేత్త థార్స్టైన్ వెబ్లెన్. 1899లో ధనిక వర్గం మీద రాసిన పుస్తకంలో, అవసరానికి కాక నలుగురి కంట పడటానికి చేసే ఖర్చుకు ‘కాన్‌స్పిక్యువస్ కన్సంప్షన్’ అని పేరు పెట్టాడు. పెళ్లికి వెయ్యి విస్తళ్లు లేచాయనీ, పెళ్లికూతురి మెడలో ఇన్ని సవర్లున్నాయనీ చెప్పుకునే మన జిల్లాలో ఆ పుస్తకానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

లేకపోవడం కూడా కాన్‌స్పిక్యువస్ కావచ్చు. దీని వెనక రోములో జరిగిన కథ ఒకటి వుంది. క్రీస్తు శకం 22లో జూనియా అనే ముసలావిడ చనిపోయింది. సీజరును చంపినవారిలో బ్రూటస్ ఆమెకు అన్నదమ్ముడు, కాసియస్ భర్త. శవయాత్రలో గొప్ప వంశాల పూర్వుల ప్రతిమలన్నీ ఊరేగించారు. ఆ ఇద్దరివి మాత్రం లేవు. లేనందువల్లనే అందరికీ వాళ్లే మనసులో మెదిలారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ ఊహను 1859లో లార్డ్ జాన్ రస్సెల్ ఇంగ్లీషులోకి తెచ్చి ‘కాన్‌స్పిక్యువస్ బై ఇట్స్ ఆబ్సెన్స్’ అన్న పలుకుబడికి ఊపిరిపోశాడు. మన పత్రికలవాళ్లు ‘లేని లోటు కొట్టొచ్చినట్టు కనిపించింది’ అని రాస్తుంటారే, అది దాని తెలుగు చెల్లెలు.

ఇప్పుడు నా పాత బాకీ.

నేను చదువుకునే రోజుల్లో మా తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. వరి పండే చేలకు గట్లు పోసి ఉప్పునీళ్లు పెట్టారు. టైగరు రొయ్య ఒక్క పంటలో పదేళ్ల వరి డబ్బు చూపించింది. మా నాయన కూడా మూడెకరాలు గుంటలుగా తవ్వించాడు. రెండు పంటలు బాగా వచ్చాయి. పెంకుటిల్లు పోయి మిద్దె లేచింది. దానికి ముదురు నీలం రంగు తలుపులు. “సముద్రం మీద పోయేవాడికి కూడా మన తలుపు కనపడాలిరా” అనేవాడు. వెబ్లెన్ ఎవరో మా నాయనకు తెలియదు.

1994లో తెల్లమచ్చ తెగులు వచ్చింది. రొయ్య పైడొప్ప మీద సున్నం చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. పొద్దున ఒకటీ రెండూ గట్టుకొచ్చి ఆగితే, వారం తిరక్కముందే గుంట గుంటంతా తేలిపోయేది. అప్పిచ్చిన ఆసామి ఏడాది ఓపిక పట్టి కోర్టుకు పోయాడు. ఆయన్ను అనడానికేం లేదు. ఆయన డబ్బు ఆయనకు కావాలి గదా.

ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి వాకిట్లో తప్పెట వినపడింది. కోర్టు అమీనా, తప్పెటవాడు, వెనక ఊళ్లో సగం మంది. ఇంటి జప్తు నోటీసు. తప్పెట వేసి చాటాలి, కాగితం ఇంటిమీద అంటించాలి. సివిల్ ప్రొసీజర్ కోడులో అలాగే వుంది. మా నాయన గుంటల దగ్గరే వుండిపోయాడు. ఇంట్లో మా అవ్వ, అమ్మ.

మా అవ్వ అమీనా దగ్గరికి పోయి చాలా నెమ్మదిగా అడిగింది: “నాయనా, ఆ కాగితం పెరటి గోడకు అంటియ్యరాదా? అదీ ఈ ఇల్లే గదా.”

ఆయన చెడ్డవాడేం కాదు. తల వంచుకునే చెప్పాడు: “కుదరదమ్మా. కాన్‌స్పిక్యువస్ ప్లేసులో అంటియ్యాలని రూలు.”

“అంటే ఏందది?”

“నలుగురికీ కనపడే చోటమ్మా.”

“మానం పోయే చోటా?” అంది మా అవ్వ.

ఆయన జవాబు చెప్పలేదు. గిన్నెలో మైదా జిగురు తీసి నీలం తలుపు మీద, సరిగ్గా నడిమధ్యన కాగితం అంటించాడు. ఆ మాట నేను మొదటిసారి విన్నది అప్పుడు. దానికి మొదట విన్న తెలుగు అర్థాలు ఆ రెండూ. ఏ నిఘంటువూ వాటిని నా తలలోంచి తుడవలేకపోయింది.

కోర్టు కాగితం చించకూడదని నాయన గట్టిగా చెప్పాడు. సంక్రాంతికి మా అవ్వ మామిడాకుల తోరణం మామూలుకన్న రెండు బారల పొడుగు కట్టి, మధ్యలో కిందికి దించి కాగితం మీదికి వేలాడేట్టు చేసింది. దాంతో వచ్చిపోయేవాళ్లందరూ, ఇదేమిటి తోరణం ఇలా దిగిందని, ముందు అక్కడే చూశారు. దాచడం కూడా చూపించడమేనని ఆ పండక్కి తెలిసింది.

వేలం దాకా పోలేదు. మా మేనమామ వచ్చి రెండెకరాలు అమ్మించి, తను కొంత వేసి, బాకీ తీర్చాడు. నాయన తడిగుడ్డ పెట్టి ఓపిగ్గా కాగితం వూడదీశాడు. ఎనిమిది నెలల ఎండకూ ఉప్పుగాలికీ తలుపంతా వెలిసిపోయింది. కాగితం కింద వున్న చోటు మాత్రం అంచులు కోసినట్టుగా ముదురు నీలంగా మిగిలింది. కాగితం వున్నన్నాళ్లూ చదువుకున్నవాళ్లే ఆగి చూశారు. కాగితం పోయాక చదువురానివాళ్లు కూడా చూశారు. మళ్లీ రంగు వేయించుకునేందుకు మాకు మూడేళ్లు పట్టింది.

ఈ చివరి భాగం నేను కుర్రవాడికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. అతనికి చెప్పిందల్లా ఇంతే: “దస్తూరికి ‘క్లియర్’ అని రాయి, ‘లెజిబుల్’ అంటే మరీ మేలు. కాన్‌స్పిక్యువస్ వాడేముందు ఒక ప్రశ్న వేసుకో. చుట్టూ ఏముంది? దేనిలోంచి ఇది విడిపడి కనపడుతోంది? జవాబు దొరికితే వాడు. దొరక్కపోతే వాడొద్దు.”

కుర్రవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు.

“సార్, ఆ ఒంటి తాటిచెట్టు పోయినేడు గాలివానకు పడిపోయింది. కృష్ణపట్నం కాడ కరెంటు పొగగొట్టాలు ఇప్పుడు అన్నిటికన్నా ముందు కనపడతాయి. అయినా మా నాయన ఇంకా ఆ చెట్టున్న చోటే చూస్తాడు. అది కూడా కాన్‌స్పిక్యువసేనా?”

ఆ పిల్లవాడికి ఇంగ్లీషులో వచ్చిన సున్నను నేను మార్చలేను. నా చేతిలో వుంటే ఆ ఒక్క ప్రశ్నకే పదికి పది వేసి వుండేవాణ్ణి.